మసి ఎక్కడ పుడుతోంది?

“అన్నా, దాన్ని లోపల గుల్ల చేసేస్తే అయిపాయె. పికప్ మస్తొస్తది, మైలేజ్ పెరుగుతది, మళ్ల ఆ లైటు కనవడదు.”

బోరబండ, మోతీనగర్, ఎర్రగడ్డ చుట్టుపక్కల డీజిల్ పికప్ నడుపుకునేవాళ్లకు ఈ సలహా ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటుంది. చెప్పేవాడు చెడ్డవాడు కానక్కర్లేదు. బండి ఎత్తు ఎక్కనంటోంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోంది. రేపు పొద్దున యూసుఫ్‌గూడలో సెట్ సామాను ఎత్తాలి. నెలాఖరుకు ఫైనాన్స్ కిస్తీ ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళితే రెండు రోజులు బండి ఆగుతుందంటారు, బిల్లెంతో ముందు చెప్పరు. సందు చివర మెకానిక్ మాత్రం గంటలో పంపిస్తానంటున్నాడు. కష్టపడి నిజాయితీగా బతికే మనిషి కూడా ఇలాంటి తొందరలోనే “సరే, కానియ్” అనేస్తాడు. ఆ గంటలో ఏం చేయాలో చెప్పడానికే ఈ అధ్యాయం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ బండి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీయించకండి, గుల్ల చేయించకండి, పక్కనుంచి పైపు వేయించకండి. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం మాత్రమే. అంతకంటే ముందు, దానివల్ల మీ బండి జబ్బు తగ్గదు. కన్వర్టర్ పూడుకుపోయిందంటే ఇంజిన్‌లో ఎక్కడో మసి అవసరానికి మించి పుడుతోంది, లేకపోతే పుట్టిన మసి కాలిపోవడానికి బండికి వీలు దొరకడం లేదు. ఈ రెంటిలో ఏదో తేల్చుకోకుండా డబ్బా కోయిస్తే మసి పుడుతూనే ఉంటుంది. కాకపోతే అది ఇంతకుముందు డబ్బాలో ఆగేది, ఇప్పుడు మీ బండి వెనక నడిచేవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆగుతుంది.

కోయించేముందు లోపల ఏముందో తెలుసుకోవాలి. ఇంజిన్‌కు దగ్గరగా ఉండేది ఆక్సిడేషన్ క్యాటలిస్ట్. పింగాణీ దిమ్మలో తేనెపట్టులా సన్నసన్నటి గొట్టాలు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం పూత. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన డీజిల్ ఆవిరి ఆ పూత మీదుగా పోతూ కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారిపోతాయి. బీఎస్-6 బండ్లలో దాని వెనక మసి ఫిల్టర్ ఉంటుంది. డీపీఎఫ్ అంటారే, అదే. దీని గొట్టాలకు ఒక్కోదానికి ఒక్కో కొస మూసి ఉంటుంది కాబట్టి పొగ గోడలోంచి ఇంకి అవతలికి పోవాలి. మసి ఇవతలే నిలిచిపోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల కోసం కొన్ని మోడళ్లలో ఇంకో క్యాటలిస్ట్, కొన్నింట్లో ఆడ్‌బ్లూ ట్యాంకు ఉంటాయి. మీ బండిలో ఏవేవి ఉన్నాయో ఓనర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ పుస్తకం సీటు కింద పాలిథిన్ కవరు విప్పకుండా పడి ఉంటే, ఈ రాత్రికి విప్పండి.

బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గింది. బరువైన పికప్‌ల తరగతిలో మసి పరిమితి కిలోమీటరుకు 60 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు వచ్చింది. అంటే పదమూడో వంతు. ఇంజిన్ ఎంత బాగా చేసినా ఒక్క ఇంజిన్‌తో సాధ్యమయ్యే తగ్గింపు కాదిది. ఆ డబ్బాలు ఉన్నాయి కాబట్టే సాధ్యమైంది. మీరు బండి కొన్నప్పుడు కట్టిన ధరలో వాటి ఖరీదు కూడా ఉంది. వాటిని కోయించారంటే మీ డబ్బుతో మీరు కొన్న పనిముట్టునే మీరు ఇంకొకరికి అప్పజెబుతున్నారు.

ఇంకొకరికి అని ఊరికే అనలేదు. ఆ పింగాణీ దిమ్మలోని లోహాలకు తుక్కు బజారులో మంచి గిరాకీ ఉంది. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌తో సహా ఎన్నో నగరాల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు రాత్రికి రాత్రే మాయమయ్యాయి, దొంగలకు కావాల్సింది ఈ లోహాలే. అందుకే ఎవరైనా “పైసలేం వద్దు, ఊరికే తీసిపెడతా” అన్నారంటే ఒక్క క్షణం ఆగండి. ఏ పని చేయించినా పాత సామాను తిరిగి అడిగి తీసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక మన ప్రాంతం సంగతి. సినిమా సామాను మోసే పికప్ రోజు ఎలా గడుస్తుందో చూడండి. బోరబండలో బయల్దేరి కృష్ణానగర్‌లో లైట్లో, కాస్ట్యూమ్ పెట్టెలో ఎక్కించుకుని, వెంకటగిరి మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి ఫిల్మ్‌నగర్ చేరుతుంది. దూరం కొద్ది కిలోమీటర్లే. దారంతా ఎత్తుపల్లాలు, సిగ్నళ్లు, మొదటి రెండు గేర్లు. అక్కడ లొకేషన్లో బండి గంటలకొద్దీ నిలబడుతుంది. ఎండకు తాళలేక ఇంజిన్ ఆన్‌లో పెట్టి కూర్చుంటారు. సాయంత్రం మళ్లీ అదే దారిన వెనక్కి. మసి ఫిల్టర్‌కు ఇంతకంటే గడ్డు జీవితం లేదు.

ఎందుకంటే ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే వేడి కావాలి. మామూలుగా 550 నుంచి 600 డిగ్రీలు. ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ నైట్రోజన్ డయాక్సైడ్‌ను తయారుచేసి అందిస్తే 250 నుంచి 400 డిగ్రీల మధ్యే మసి నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటర్ కాస్త డీజిల్ అదనంగా వదులుతుంది. ఆ డీజిల్ క్యాటలిస్ట్‌లో మండి ఫిల్టర్‌ను వేడెక్కిస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. “ముందుది ఒక్కటే గుల్ల చేద్దాం, వెనకది ఉంచుదాం” అనే మెకానిక్ మాట ఇక్కడే వీగిపోతుంది. ముందుది పోతే వెనకది తనను తాను శుభ్రం చేసుకునే దారి మూసుకుపోతుంది.

సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు నడిచే బండిలో ఆ వేడి పుట్టదు. పుట్టినా మధ్యలో బండి ఆపేస్తాం. అందుకని వారంలో ఒకసారైనా బండిని ఔటర్ రింగు రోడ్డు ఎక్కించండి. రామోజీ ఫిల్మ్‌సిటీకి కిరాయి దొరికినప్పుడు ఊరి మధ్య నుంచి ఈడ్చుకుంటూ పోకుండా ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా వెళితే, టోల్ ఖర్చవుతుంది కానీ ఫిల్టర్ శుభ్రపడుతుంది. ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా, మరీ టాప్ గేరులో ఇంజిన్‌ను నలిపేయకుండా, అనుమతించిన వేగంలో ఒకే తీరున నడపాలి. ఫిల్టర్ గుర్తు వెలగ్గానే ఈ పని చేస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. వెలిగిన గుర్తును పట్టించుకోకుండా పది రోజులు తిప్పితేనే ఇంజిన్ లైటు, ఆ తర్వాత బండి శక్తి తగ్గిపోవడం, ఆ తర్వాత గుల్ల చేద్దామనే మాట.

రీజనరేషన్ నడుస్తోందని తెలుసుకోవడం కష్టం కాదు. నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఆర్పీఎం కాస్త పెరుగుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, వెనక నుంచి వేడి వాసన వస్తుంది. అప్పుడు తాళం తీయకండి. షూటింగ్ బండ్లవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో జాగ్రత్త. ఆ సమయంలో పొగగొట్టం కింద ఎండుటాకులు, థర్మకోల్ ముక్కలు, సెట్ గుడ్డలు ఉంటే నిప్పంటుకోవచ్చు. సెట్ పక్కన బండి పెట్టేముందు ఒకసారి కిందికి వంగి చూడండి.

మసి, బూడిద ఒకటి కావు. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలిసినవాణ్ని మోసం చేయడం కష్టం. మసి కాలుతుంది, వాయువుగా మారి పోతుంది. బూడిద కాలదు. అది ఇంజిన్ ఆయిల్‌లో కలిపే లోహపు రసాయనాల నుంచి వస్తుంది, ఫిల్టర్‌లో చేరితే ఎన్నిసార్లు రింగు రోడ్డు ఎక్కించినా అక్కడే ఉంటుంది. అందుకే బీఎస్-6 బండికి తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్ వాడమని కంపెనీ చెబుతుంది. ఆ గ్రేడు మాన్యువల్‌లో ఉంటుంది. డబ్బాలోంచి లీటరు లెక్కన పోసే లూజ్ ఆయిల్ చవకే. కానీ దాని అసలు ధర తర్వాత ఫిల్టర్ దగ్గర కడతాం. లక్షల కిలోమీటర్లు తిరిగి బూడిదతో నిండిన ఫిల్టర్‌ను విప్పి, వేడిచేసి, గాలి పోటుతో శుభ్రం చేసే యంత్రాలున్న వర్క్‌షాపులు ఉన్నాయి. అలాంటి చోటికే తీసుకెళ్లండి. యాసిడ్ పోసో, ప్రెషర్ పంపు పెట్టో కడిగితే లోపలి పూత పోతుంది, డబ్బా ఉన్నా లేనట్టే.

మరి ఎక్కువ మసి ఎందుకు పుడుతుంది? చాలావరకు కారణం చిన్నదే. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే గొట్టం చీలడం. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, యాక్సిలరేటర్ తొక్కితే ఈలలాంటి శబ్దం, నల్లపొగ, శక్తి లేకపోవడం మూడూ కలిసి వస్తే మొదట ఆ గొట్టమే చూడాలి. ఇంజెక్టర్లు అరిగి డీజిల్‌ను తుంపరగా కాక ధారగా వదలడం. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఉండిపోవడం. టర్బో సీలు పోయి ఆయిల్ పొగలో కలవడం. నమ్మకం లేని చోట పోయించుకున్న డీజిల్. పాత బీఎస్-4 పికప్‌లలో చాలావాటికి మసి ఫిల్టరే ఉండదు. అక్కడ నల్లపొగ కనబడితే క్యాటలిస్ట్‌ను అనుమానించి లాభం లేదు, వెతకాల్సింది ముందువైపే.

డిప్ స్టిక్ కూడా తీసి చూస్తుండండి. రీజనరేషన్ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, డీజిల్ వాసన వేస్తుంది. మనం మట్టం బాగుందని సంతోషిస్తాం, లోపల బేరింగులు అరుగుతుంటాయి. మట్టం పై గీత దాటితే ఆయిల్ మార్చాల్సిందే.

ఆడ్‌బ్లూ పోసే బండ్లవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో ఉండేది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. యూరియానే కదా అని ఎరువుల కొట్టులో సంచి కొని నీళ్లలో కలిపి పోయడం కొందరు చేస్తున్నారు. పొలం యూరియాకు 2015 నుంచి దేశమంతటా వేప నూనె పూత తప్పనిసరి. ఆ నూనె, పొలం యూరియాలోని మలినాలు కలిసి పంపును, క్యాటలిస్ట్‌ను పాడుచేస్తాయి. సీలు వేసిన డబ్బానే కొనండి.

ఇప్పుడు మెకానిక్ చెప్పిన మైలేజ్ మాటకు వద్దాం. అందులో కొంత నిజం ఉంది, అందుకే అంత బలంగా నాటుకుంటుంది. పూడుకుపోయిన ఫిల్టర్ ఇంజిన్‌కు ఊపిరాడనివ్వదు. దాన్ని తీసేసిన రోజు బండి నిజంగానే దూకుతుంది. కానీ శుభ్రం చేయించినా ఆ దూకుడే తిరిగి వస్తుంది. పోల్చాల్సింది గుల్ల చేసిన బండిని శుభ్రం చేసిన బండితో, పూడుకుపోయిన బండితో కాదు. పైగా ఈ కాలపు బండ్లలో ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్, వేడి కొలిచే సెన్సర్లు ఉంటాయి. డబ్బా పోగానే కంప్యూటర్‌కు తెలుస్తుంది, బండి శక్తి కోసేస్తుంది. అప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా మార్చాలంటారు. మార్చాక టర్బోకో ఇంజెక్టర్‌కో నిజంగా కష్టం వచ్చిన రోజున చెప్పాల్సిన లైటు చెప్పకపోవచ్చు. వారంటీ ఉంటే అదీ పోతుంది.

ఊపిరి సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. బోరబండ సందుల్లో ఇళ్ల గుమ్మాలు రోడ్డు మీదికే తెరుచుకుంటాయి. తెల్లవారుజామున కాల్ టైముకని బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు వదిలేస్తే ఆ పొగ పోయేది ఆకాశంలోకి కాదు, పక్కింటి కిటికీలోకి. బడికి నడిచే పిల్లల ముఖాలు పొగగొట్టానికి మనకంటే దగ్గరగా ఉంటాయి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి మనకు ఎంతో దూరం లేదు. ఊపిరాడక ఆ గేటు దగ్గర ఆటో దిగే పెద్దవాళ్లను ఒకసారి చూసినవాడికి ఈ పేరా అవసరం లేదు. క్యాబిన్‌లో కూర్చునే డ్రైవర్ గురించి కూడా చెప్పాలి. కోసి మళ్లీ వెల్డింగ్ చేసిన చోట సన్నటి చీలిక చాలు, కార్బన్ మోనాక్సైడ్ కాళ్ల కింద నుంచి పైకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రాత్రి షిఫ్టు మధ్యలో అద్దాలు ఎక్కించి సీట్లోనే కునుకు తీసేవాళ్లు దయచేసి ఇది మరవొద్దు.

ఒక్క బండితో ఏమవుతుందని అనిపిస్తుంది. అమెరికాలో పికప్ యజమానులు ఒక్కొక్కరూ అలాగే అనుకున్నారు. అక్కడి పర్యావరణ సంస్థ 2020 నవంబరులో లెక్క తేల్చింది. అంతకుముందు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌ల నుంచి ఈ పరికరాలను పీకేశారు. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులకు పైనే. కాలుష్యం పరంగా 90 లక్షల బండ్లు కొత్తగా రోడ్డెక్కినట్టు. విశాలమైన మైదానాలున్న దేశం లెక్క అది. మనవి ఆటో ఎదురైతే పికప్ వెనక్కి తీయాల్సిన సందులు.

చట్టం గురించి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడు సవరించిన చట్టంలో, ఇలాంటి మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. గాలి కాలుష్యం ప్రమాణాలు మీరి బండి నడిపితే 10,000 వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగోలా వస్తుందిలే అనే ధీమా ఒకటుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి ఏటేటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి. అక్కడ ఎన్నేళ్లు ఎలాగోలా నెట్టుకొస్తారు?

ఇప్పుడు ఆ గంటలోకి వద్దాం. మెకానిక్ ఎదురుగా ఉన్నాడు, గ్యాస్ కటింగ్ సెట్టు పక్కనే ఉంది. కోపం వద్దు, ఉపన్యాసం వద్దు. రేపు కూడా అతనితో పని ఉంటుంది. “అన్నా, కోసుడు తర్వాత చూద్దాం. ముందు స్కానర్ పెట్టి ఫిల్టర్‌ల మసి ఎంతుందో, ముందూ వెనకా ప్రెషర్ ఎంతుందో చూపియ్. ఇంటర్‌కూలర్ పైపు ఒకసారి చెక్ చెయ్. దానికెంతైతే అంత ఇస్తా.” ఈ నాలుగు మాటలు చాలు. అతని పనికి డబ్బు ఇస్తానన్నారు కాబట్టి అతనికీ నష్టం లేదు. స్కానర్ లేదంటే ఉన్న చోటికి వెళ్లడమే.

బండి మీది కాకపోతే మాట్లాడాల్సింది ఓనర్‌తో. చాలామంది డ్రైవర్లు “సేటు చెప్పిండు, నేనేం చేయాలె” అని ఊరుకుంటారు. కానీ రోడ్డు మీద ఆపినప్పుడు స్టీరింగ్ దగ్గర ఉండేది మీరే, లైసెన్సు మీదే. “సార్, తీసేస్తే రేపు ఫిట్‌నెస్‌ల ఆగుతది, అమ్మేటప్పుడు రేటు పడిపోతది. స్కానింగ్ చేయించి రిపోర్టు మీకు వాట్సాప్ చేస్తా, చూసి చెప్పండి” అని అనండి. ఓనర్‌కు నీతి కంటే బండి విలువ తొందరగా అర్థమవుతుంది. అందులో తప్పు లేదు, దారి ఏదైనా పని జరగాలి.

డబ్బు సమస్య నిజమైనది, దాన్ని మంచి మాటలతో దాటవేయను. చేతిలో ఏమీ లేనప్పుడే చవక దారి ఆకర్షిస్తుంది. ప్రతి కిరాయి నుంచి కొంత, ఎంత చిన్నదైనా సరే, బండి పేరున విడిగా వేయండి. నలుగురైదుగురు డ్రైవర్లు కలిసి నెలనెలా బండి చీటీ వేసుకుంటే ఇంకా మంచిది. ఎవరి బండి ఆగితే వారికి ముందు ఇచ్చే షరతుతో నడపొచ్చు. బండిలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. డీజిల్ ఎక్కడ పోయించారు, ఆయిల్ ఏ గ్రేడు, ఫిల్టర్ గుర్తు ఏ తేదీన వెలిగింది, రాస్తూ పోండి. గుర్తు వెలిగే మధ్యకాలం తగ్గుతూ వస్తోందంటే ఎక్కడో మసి పెరుగుతోంది. బండి ఆగిపోకముందే, మీకు ఖాళీ ఉన్న రోజున, మీరు ఎంచుకున్న మెకానిక్ దగ్గరికి వెళ్లగలుగుతారు.

ఇప్పటికే తీయించినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. కంపెనీ విడిభాగమే మళ్లీ పెట్టించవచ్చు. సెన్సర్లు కలిపి, ప్రోగ్రామ్ అసలుదానికి మార్పించి, బిల్లు దాచుకోండి. పెట్టించేముందు ఇంజెక్టర్లు, టర్బో చూపించకపోతే కొత్తదీ కొన్నాళ్లకే నిండుతుంది. సెకండ్ హ్యాండ్ పికప్ కొనబోతున్నవాళ్లు ర్యాంపు ఎక్కించి కింద చూడాలి. కన్వర్టర్ డబ్బా చుట్టూ కొత్త వెల్డింగ్ గీత ఉందా, కంపెనీ వేసిన నంబరు కనబడుతోందా, సెన్సర్ వైర్లు ఉత్తగా వేలాడుతున్నాయా చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగగొట్టం కొసలో వేలు పెట్టి తిప్పండి. ఫిల్టర్ బాగున్న బీఎస్-6 బండిలో వేలికి నల్లటి మసి దట్టంగా అంటదు. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో ఆపించారన్నమాట. వీటిలో ఏది తేడాగా కనిపించినా కొత్త కన్వర్టర్ ధర కనుక్కుని, బేరంలో అంత తగ్గించి అడగండి.